పాత్రల బయట సమాజం లేదు

ఈ నాలుగైదేళ్లుగా పత్రికల్లోనూ వార్షిక సంకలనాల్లోనూ వస్తున్న కథలు వరసగా చదువుతుంటే ఒక వాక్యం నాకు పదే పదే ఎదురవుతున్నది. మాటలు కొద్దిగా మారుతాయి గాని వాక్యం అదే. అమ్మాయి ఇష్టపడ్డవాణ్ణి వదులుకుంటుంది. సమాజం ఒప్పుకోలేదంటాడు రచయిత. కౌలురైతు పురుగుమందు తాగుతాడు, సమాజం చంపిందంటాడు. ముసలి తండ్రి వృద్ధాశ్రమానికి వెళతాడు, సమాజం మారిపోయిందంటాడు. ఎవరీ సమాజం? ఏ ఊరు? ఎవరికి అప్పిచ్చింది, ఎవరి పొలం కౌలుకు తీసుకుంది, ఎవరి ఇంట్లో మంచినీళ్లు ముట్టదు? కథ మూడుసార్లు చదివినా జవాబు దొరకదు. పాతకాలపు కథల్లో విధి చేసిన పనినే ఈ కథల్లో సమాజం చేస్తున్నది. అభ్యుదయ రచయితలమని చెప్పుకునేవారి కథల్లో కూడా ఇదే జరుగుతున్నప్పుడు దీన్ని శిల్పలోపం అని సరిపెట్టుకోవడం కుదరదు. ఇది దృక్పథానికి సంబంధించిన విషయం.

ఈ అలవాటుకు మూలాలు అనేకం ఉండవచ్చు. నాకు స్పష్టంగా కనిపిస్తున్న మూలం ఒకటి: మన కళాశాలల్లో, పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాల్లో చెప్పే సమాజశాస్త్ర ప్రవేశిక. ఇవాళ కథలు రాస్తున్న యువకుల్లో చాలామంది ఆ పుస్తకం చదివినవాళ్లే. చదవడం మంచిదే. కాని అందులో మొదటి అధ్యాయం 'వ్యక్తి - సమాజం'. ఇటు వ్యక్తి, అటు సమాజం, మధ్యన ఒక గీత. సమాజం వ్యక్తిని తీర్చిదిద్దుతుంది, వ్యక్తి సమాజానికి లోబడతాడు, లోబడకపోతే సామాజిక నియంత్రణ పనిచేస్తుంది. లోకరీతులు, కట్టుబాట్లు, ఆచారాలు, చట్టాలు అంటూ వరసగా నిర్వచనాలు. మార్కులు తెచ్చుకోవడానికి ఈ విభజన పనికొస్తుంది. ఆ మధ్య గీతను నిజమని నమ్మి కథ రాయడానికి కూర్చుంటేనే చిక్కు. మనిషిని ఇవతల పెట్టి, సమాజాన్ని అవతల పెట్టి, ఇద్దరికీ కుస్తీ పెట్టడమే కథ అనుకుంటాడు రచయిత.

తెలుగులో ఈ చిక్కు ఇంకొంచెం ఎక్కువ. సమాజశాస్త్రంలో తండ్రి, ఉపాధ్యాయుడు, యజమాని మొదలైన స్థానాల్లో ఉన్న మనిషి ఎలా నడుచుకోవాలని నలుగురూ ఆశిస్తారో దానికి మనవాళ్లు 'పాత్ర' అని పేరు పెట్టారు. నాటకంలో, నవలలో మనిషిని కూడా మనం పాత్ర అనే అంటాం. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేరు వేరు మాటలున్నాయి. మనకు ఒక్కటే. పాఠ్యపుస్తకపు పాత్ర ఖాళీ స్థానం. అందులో ఎవరినైనా కూర్చోబెట్టవచ్చు. సాహిత్యపు పాత్ర ఆ స్థానంలో ఇరుక్కుని, సర్దుకుని, లాభం చూసుకుని, అప్పుడప్పుడు తన్నుకుని బతికే మనిషి. మొదటిదాన్ని రెండోదిగా పొరపడ్డ కథల్లో అత్త అత్తలాగే ఉంటుంది, భూస్వామి భూస్వామిలాగే ఉంటాడు, పేరు తీసేస్తే ఒకరినొకరు గుర్తుపట్టలేం.

ఇంత చెప్పి నేను సమాజశాస్త్రాన్ని తప్పుపడుతున్నానని అనుకోవద్దు. ఆ శాస్త్రం పుట్టుకలో ఉన్న సాహసం దాని ప్రవేశికల్లో ఎలా ఆవిరైపోయిందా అన్నదే నా బాధ. ఎమిలీ డర్క్‌హైమ్ ఆత్మహత్య మీద తన గ్రంథాన్ని 1897లో ప్రచురించాడు. మనిషి చేసే పనుల్లోకెల్లా ఏకాంతమైనదనుకునే పనికి కూడా ఒక సామాజికమైన లెక్క ఉంటుందనీ, పెళ్లయినవారికీ కానివారికీ, కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ ఆ లెక్కలో తేడా ఉంటుందనీ చూపాడు. సమాజం మనిషి బయట గోడలా నిలబడి లేదు, అతని గదిలోకి, అతని దుఃఖంలోకి కూడా వచ్చి కూర్చుంది అని చెప్పడమే అది. అదే 1897లో మన తెలుగులో ఇంకో పుస్తకం అచ్చయింది. దాని పేరు కన్యాశుల్కం.

ఈ సంవత్సరాల కలయిక యాదృచ్ఛికమే. దానికి పెద్ద అర్థం కట్టనక్కరలేదు. కాని కన్యాశుల్కం తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట మాత్రం ప్రతి సమాజశాస్త్ర విద్యార్థీ చదవవలసింది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించాడు. తేలినవి 1034 పెళ్లిళ్లు, సగటున ఏడాదికి 344. అయిదేళ్లకు పెళ్లయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్లకు 44, మూడేళ్లకు 36, రెండేళ్లకు 6, ఏడాదికి ముగ్గురు. ఆ ఏడాది పసికందులకు పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదిరేదని గురజాడ రాస్తాడు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి ఈ లెక్క కూడా పూర్తి కాదని చెబుతాడు.

ఇంత జాబితా చేతిలో ఉండగా గురజాడకు నాటకంతో పనేమిటి? ఈ ప్రశ్న అడగకుండా 'గురజాడ సంఘసంస్కర్త' అని బిరుదిచ్చి ముందుకు వెళ్లిపోవడం మన విమర్శకులకు అలవాటయింది. జాబితా ఎంతమందో చెబుతుంది. ఏ వయసుకో, ఎంతకో చెబుతుంది. వేదం చదువుకుని, సంధ్య వార్చి, పిల్లల మీద ప్రేమ కూడా ఉన్న మనుషులు ఈ పని ఎలా చేస్తారు, చేసి రాత్రి ఎలా నిద్రపోతారు అన్నది జాబితా చెప్పదు. నాటకం చెప్పేది అదే.

అగ్నిహోత్రావధాన్లు పెద్ద కూతురు బుచ్చమ్మను ముసలివాడికిచ్చాడు. ఆమె విధవై పుట్టింటికి చేరింది. ఆ అనుభవం కళ్ల ముందు ఇంట్లోనే తిరుగుతుండగా చిన్న కూతురు సుబ్బిని 1800 రూపాయలకు లుబ్ధావధాన్లకు ఇవ్వడానికి సిద్ధమయ్యాడు. పాఠ్యపుస్తకం ప్రకారం ఇది ఆచారం, ఆచారానికి లోబడ్డాడు. నాటకంలో అవధాన్లు దేనికీ లోబడినట్టు కనిపించడు. అతను కేకలేస్తాడు, కోర్టు వ్యవహారాల లెక్కలు చూసుకుంటాడు, కొడుకు ఇంగ్లీషు చదువుకయ్యే ఖర్చు గురించి చిరాకుపడతాడు. ఆ ఖర్చుకూ ఈ శుల్కానికీ ఉన్న సంబంధం ఎవరూ ఉపన్యసించి చెప్పరు; ఒకే ఇంట్లో ఒకే నోట రెండు మాటలూ వినిపిస్తాయి, మనకే అర్థమవుతుంది. భార్య వెంకమ్మ నూతిలో పడితే గాని ఆ ఇంట్లో ఆడదాని అభిప్రాయం ఒకటుందని లెక్కకు రాదు. ఇంత గొడవకూ కారణమైన సుబ్బి గొంతు మాత్రం మనకు దాదాపు వినిపించదు. అది నాటకకర్త మరచిపోవడం వల్ల జరిగింది కాదు. బేరం ఆమె గురించి, ఆమెతో కాదు.

ఇక కరటకశాస్త్రి ఎత్తు. మేనకోడల్ని రక్షించడానికి అతను శిష్యుడు మహేశానికి చీర కట్టి, ఆడపిల్లని చెప్పి, లుబ్ధావధాన్లకు అమ్ముతాడు. దీన్ని హాస్యమని నవ్వి ఊరుకుంటాం. ఒక్క నిమిషం ఆగి చూడండి. పెళ్లికూతురి స్థానంలో ఒక మగపిల్లాడు కూర్చున్నాడు. బేరం కుదిరింది, సొమ్ము చేతులు మారింది, పెళ్లి జరిగిపోయింది. సమాజశాస్త్రం చెప్పే 'పాత్ర' ఎంత ఖాళీదో దీనికి మించి ఎవరు చూపగలరు? ఆ వ్యవస్థకు కావలసింది పిల్ల కాదు, పిల్ల ఉండవలసిన చోటు నిండడం. ఇంకోటి కూడా గమనించాలి. శుల్కాన్ని అడ్డుకోవడానికి బయలుదేరినవాడు కూడా శుల్కం పుచ్చుకునే అడ్డుకుంటాడు. ఆ అంగడి బయట నిలబడి ఆ అంగడిని మూయించడం అతనికి సాధ్యం కాలేదు. ఈ పెళ్లిళ్ల వ్యవహారమంతా వ్యాపారమేనని ఆ నాటకంలో బాగా తెలిసింది మధురవాణికి, ఎందుకంటే ఆమె వ్యాపారం దాపరికం లేనిది.

శుల్కం పోయింది. దాని చోట వరకట్నం వచ్చింది. సొమ్ము నడిచే దిశ మాత్రం తిరగబడింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఇవాళ పెళ్లి మాటలకు వెళ్లి చూడండి, కట్నం అనే మాట ఎవరి నోటా రాదు. లాంఛనాలంటారు, పెట్టుపోతలంటారు, మీ పిల్లకు మీరు ఇచ్చుకునేదే కదా అంటారు. మహారాజు జాబితాకు ఒప్పుకోని పెద్దమనుషులు ఇవాళ సర్వే చేసేవాడికీ ఒప్పుకోరు. ఈ మాటల మార్పును పట్టుకునే కథ ఒక్కటి రాస్తే, 'వరకట్న దురాచారం' మీద వచ్చిన వంద కథలకంటె ఎక్కువ సమాజశాస్త్రం ఉంటుంది అందులో.

మార్క్స్ ఇరవయ్యారేళ్ల వయసులో, 1845లో, ఫోయర్‌బా మీద రాసుకున్న సూత్రాల్లో ఆరోది మనవాళ్లందరికీ కంఠస్థమే. మనిషితనం ఒక్కొక్కరిలో విడివిడిగా దాచిపెట్టిన సరుకు కాదనీ, మనుషుల మధ్య ఉన్న సంబంధాల మొత్తమే అదనీ దాని భావం. ఆ మాట ఒప్పుకున్నవాళ్లం వ్యక్తికీ సమాజానికీ మధ్య గీత గీయకూడదు. కాని మన శిబిరంలో కూడా గీతలు గీశాం. పాఠ్యపుస్తకం హోదా, పాత్ర అంటే మనం వర్గం అన్నాం. అని మనిషి మెడకు ఒక పలక కట్టాం. షావుకారు కనుక క్రూరుడు, కూలీ కనుక తిరగబడతాడు. ఇదీ ఖాళీ స్థానాలు నింపడమే. దీన్ని వర్గదృక్పథం అనడం వర్గదృక్పథానికి అపచారం.

అది నిజంగా ఎలా ఉంటుందో కాళీపట్నం రామారావు 1964 నాటి 'యజ్ఞం' చూపింది. కారా మాస్టారు 2021లో మనల్ని విడిచి వెళ్లారు. ఆ కథ ఇంకా మనల్ని వదల్లేదు. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు తగువు మీద పంచాయితీ జరుగుతుంది. పంచాయితీ నడిపే శ్రీరాములు నాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి మంచి చేసినవాడు, నీతి తెలిసినవాడు, అందరి గౌరవం పొందినవాడు. అప్పిచ్చిన గోపన్న కూడా రక్తం తాగే షావుకారులా కనిపించడు. అప్పల్రాముడు తాగుబోతూ కాడు, సోమరీ కాడు. మాట మీద నిలబడాలనుకునే మనిషి. ఎవరూ అబద్ధం ఆడరు, దొంగ పత్రం పుట్టించరు, గూండాలను దింపరు. తీసుకున్న అప్పు తీర్చడం ధర్మమా కాదా అని ఓపికగా అడుగుతారు. ధర్మమే అంటాడు అప్పల్రాముడు. ఆ మాటతో అతని భూమి పోతుంది.

ఈ కథలో నన్ను ప్రతిసారీ ఆపేది పంచాయితీ నిడివి. పాఠకుడికి విసుగు పుట్టేంత నింపాదిగా నడుస్తుంది. కొందరు మిత్రులు దీన్ని లోపమంటారు. నా ఉద్దేశంలో కథ బలమంతా ఆ నింపాదితనంలో ఉంది. అన్యాయం తొందరపడితే మనం గుర్తుపడతాం. అది మర్యాదగా, అందరి మాటా విని, వాయిదాలు ఇచ్చి, న్యాయమనే రూపంలో నడిచినప్పుడే గుర్తుపట్టడం కష్టం. పాఠ్యపుస్తకంలో సామాజిక నియంత్రణ అని ఒక పేరాలో ముగించిన విషయం ఇదే. ఇక్కడ నియంత్రించేదెవరు? బయటినుంచి ఎవరూ రాలేదు. అప్పల్రాముడి నోటినుంచే తీర్పు వచ్చింది. ఊరి ధర్మం అతని లోపల ఉంది గనుకనే అది అతన్ని ఓడించగలిగింది.

కొడుకు సీతారాముడు అలా ఒప్పుకోడు. బానిసగా బతకవలసిన బిడ్డ బతకనవసరం లేదని కన్నకొడుకును తన చేత్తోనే చంపేస్తాడు. ఈ ముగింపు మీద ఎంతో చర్చ జరిగింది. తిరుగుబాటు శత్రువు మీదికి పోవాలి గాని సొంత బిడ్డ మీదికి పోవడమేమిటని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. అయితే ఎవరి మీదికి పోవాలి? రచయిత శత్రువుకు ఒక మనిషి ముఖం ఇచ్చి ఉంటే సీతారాముడి చేతిలోని కత్తి అటే తిరిగేది, కథ సులువయ్యేది. శ్రీరాములు నాయుణ్ణి చంపితే అప్పు చావదు, ఆ అప్పును ధర్మమన్న మాట చావదు. తరతరాలకూ పాకే ఆ సంబంధాన్ని తెంపడానికి అతనికి అందిన చోటు అదొక్కటే. అది సరైన చోటని కథ చెప్పలేదు. అందిన చోటని చెప్పింది. 1997-98లో వరంగల్లు జిల్లా పత్తిరైతుల ఆత్మహత్యల దగ్గర్నుంచి మన కథల్లో పురుగుమందు డబ్బా ఒక ముగింపుగా స్థిరపడిపోయింది. ఆ డబ్బా దగ్గరకు మనిషిని నడిపించిన మర్యాదస్తులైన మాటలెన్ని, ఎరువుల దుకాణంలో ఖాతా ఎవరి పేరు మీద ఉంది, కౌలు కాగితం ఎందుకు లేదు అని అడిగినవి మాత్రం కొన్నే.

శాస్త్రానికీ కథకూ మధ్య దూరం ఎంతో తెలియాలంటే ఎం. ఎన్. శ్రీనివాస్ సంగతి ఒకటి చెప్పుకోవాలి. మైసూరు ప్రాంతంలోని రాంపుర అనే ఊళ్లో 1948లో ఆయన నివసించి పరిశోధన చేశాడు. ఏళ్ల తరబడి ఆ సమాచారాన్ని వర్గీకరించి తయారు చేసుకున్న నోట్సు 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న కేంద్రానికి ఎవరో నిప్పు పెట్టడంతో కాలిపోయింది. అప్పుడాయన జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన పుస్తకం 1976లో వచ్చింది. పట్టికలు తగ్గిపోయి మనుషులు నిలబడ్డారు. ఊరి పెద్ద, అతని చుట్టూ తిరిగేవాళ్లు, వాళ్ల కోపాలు, పొదుపులు, పరువులు నవల్లోలాగా కదిలాయి. జ్ఞాపకం నిష్పక్షపాతమైనదేం కాదు. ఆయన మకాం ఊరి పెద్దకు చెందిన ఇంట్లో. ఊరు ఆయనకు ఎక్కువగా ఆ అరుగు మీదనుంచి కనిపించింది. దళితులు, ముస్లింలు దూరాన కనిపించారు. ఈ పరిమితిని ఆయనే గుర్తించాడు.

ఈ అరుగు ప్రశ్న మనకు కూడా వర్తిస్తుంది. ఊరి గురించి రాసే ప్రతివాడూ ఎవరిదో ఒకరి అరుగు మీద కూర్చునే రాస్తాడు. అరుగు లేనివాళ్లు రాయడం మొదలుపెట్టాకనే మనకు మిగతా ఊరు కనిపించింది. 'ఆధిపత్య కులం' అనే భావనను శ్రీనివాస్ 1950లలోనే ప్రతిపాదించాడు. మన అభ్యుదయ విమర్శ ఆ మాటను తన పదకోశంలోకి తీసుకోవడానికి మాత్రం 1985 జూలైలో కారంచేడు జరగవలసి వచ్చింది. 1991లో చుండూరు కూడా అయ్యాక, 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చాక ఇక తప్పించుకునే దారి లేకపోయింది. శాస్త్రంలో ముప్పయ్యేళ్లుగా ఉన్న మాట మనకు ఎందుకు అందలేదు? చదవక కాదు. కులం అనగానే వర్గం పలచబడుతుందని భయపడ్డాం. సుందరపాలెంలో అప్పల్రాముడి కులం ఏమిటో చెప్పడానికి కారా భయపడలేదు, అతని వర్గం పలచబడనూ లేదు.

వర్ధమాన రచయితలు నన్ను అడుగుతుంటారు, సమాజాన్ని అర్థం చేసుకోవడానికి ఏం చదవాలని. పుస్తకాల పేర్లు చెబుతాను. కాని అంతకంటె దగ్గరలో ఒక ప్రవేశిక ఉంది. అది మన వ్యాకరణం. తెలుగులో ఇద్దరు మనుషుల మధ్య ఒక్క సంభాషణ రాయాలన్నా రచయిత ముందు వాళ్ల సంబంధం తేల్చుకోవాలి. నువ్వా, మీరా, తమరా? వాడా, అతనా, ఆయనా? డాక్టరమ్మ 'వచ్చారు', పనిమనిషి 'వచ్చింది'. గేదె కూడా 'వచ్చింది'. తెలంగాణ పల్లెలో దొర ముందు 'బాంచెను' అన్నవాడు ఇంటికెళ్లి పెళ్లాన్ని 'ఏమే' అంటాడు. అక్కడ దొర అతనే. అరవయ్యేళ్ల చాకలిని పదేళ్ల పిల్లవాడు ఒరేయ్ అని పిలిచిన రోజులు మరీ పాతవి కావు. ఏ పిలుపు ఏ ఏడాది ఏ ఊళ్లో మారింది, ఎవరు మార్పించారు, ఎవరికి కష్టమనిపించింది అన్నది తెలిసిన రచయితకు 'సమాజం ఒప్పుకోలేదు' అనే వాక్యం అవసరమే రాదు.

హైదరాబాదు అపార్టుమెంట్ల మీద ఇప్పుడు కథలు చాలా వస్తున్నాయి. ఎక్కువ భాగం ఒంటరితనం గురించి. పక్కింటివాడి పేరు తెలియదనీ, నగరంలో సమాజమే లేదనీ. ఆ భవనంలోనే రోజూ పొద్దున్న అయిదున్నరకు పాలు వేసేవాడూ, ఆరింటికి కార్లు తుడిచేవాడూ, ఎనిమిదింటికి నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోమే మనిషీ వస్తారు. ఆ నాలుగు ఇళ్లలోనూ ఏం వండారో, ఎవరు మాట్లాడుకోవడం లేదో ఆమెకు తెలుసు. ఒక ఇంట్లో ఆమెకు టీ వేరే గ్లాసులో ఇస్తారు, ఇంకో ఇంట్లో అదే కప్పులో ఇస్తారు. ఎందుకో కూడా ఆమెకు తెలుసు. వాచ్‌మన్ కుటుంబం సెల్లారులో ఉంటుంది, వాళ్ల పిల్లవాడు ఏ అంతస్తు దాకా ఆడుకోవచ్చో ఎవరూ చెప్పలేదు గాని వాడికి తెలుసు. అన్నం పొట్లం తెచ్చే కుర్రవాడు 'సార్, కింద ఉన్నా' అని ఫోన్ చేస్తాడు. కొన్ని భవనాల్లో అతను పైకి రావడానికి ఒక లిఫ్టు, అతని చేత తెప్పించుకున్నవాళ్లకు మరో లిఫ్టు. రెండూ ఒకే కంపెనీవి, పక్కపక్కనే ఉంటాయి.